భానుశ్రీ రాసిన రాజీ

చంద్రపూర్‌లో భానుశ్రీని మించిన శాంతిదూత ఇంకా పుట్టలేదు. గిన్నెల దుకాణం అటక మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, విరూర్ అవతల ఒక ఊళ్ళో రెండు వాడల మధ్య రగిలిన యుద్ధాన్ని ఒకే ఒక్క మాటతో చల్లార్చింది. ఆమె మీటింగులో ఉన్నంతసేపు తాడోబా అడవిలో పులులు కూడా గొంతు తగ్గించి గాండ్రిస్తాయి. నమ్మకం లేకపోతే వాళ్ళ నాన్న అచ్యుతరావును అడగండి. చెంబు కొనడానికి వచ్చినవాళ్ళను ఈ కథ వినిపించకుండా ఆయన మెట్టు దిగనివ్వడు.

అసలు జరిగింది ఇది. డిగ్రీ ఆఖరి ఏడు పిల్లలు ఎక్కడో ఒకచోట ఇంటర్న్‌షిప్ చేయాలి. భానుశ్రీకి పుణెలో ఒక శాంతి సంస్థలో దొరికింది. కొట్లాటలైన ఊళ్ళకు వెళ్ళి జనం గొంతులు రికార్డు చేయడం, వాటిని నలుగురికీ చేర్చడం, విరిగిన మనుషులను అతకడం వాళ్ళ పని. పిల్లలు పుణె పోనక్కర్లేదు. ఇంట్లోనే కూర్చుని విని రాస్తే చాలు. తెలుగు విని మరాఠీలో రాసే పిల్ల దొరకడంతో వాళ్ళకు పండగైంది. భానుశ్రీ ఇంట్లో మాట తెలుగు, బళ్ళో చదువు మరాఠీ. దుకాణం బోర్డు మీద సొంత ఇంటిపేరు తెలుగులో రాసి ఉంటే కూడబలుక్కుని చదివేలోపు గిరాకీ వెళ్ళిపోతుంది.

అటక ఎందుకంటే సిగ్నల్ అక్కడే వస్తుంది. కింద అచ్యుతరావు గిన్నెల మీద పేర్లు చెక్కే మిషన్ జుయ్యిమంటుంటే, పైన ఆమె పుణెలో సంస్థను చూసుకునే పెద్దావిడ ప్రతిభతో ఫోనులో మాట్లాడేది.

"భానూ, పళ్ళ డాక్టరు దగ్గర ఏమన్నా కూర్చున్నావా?" అని ప్రతిభ మరాఠీలో నవ్వేది.

విరూర్ అవతలి ఊరి ఆగమ్మ గొంతు రికార్డులో వచ్చేదాకా పని అలా నవ్వుతూనే సాగింది.

చేనుకు పోయే బాట దగ్గర మొదలైన గొడవలో ఆగమ్మ ఒక్కగానొక్క కొడుకు తల పగిలి చచ్చిపోయాడు. కొట్టినవాళ్ళు బలగం ఉన్నవాళ్ళు. కేసు నడవకూడదని పెద్దమనుషులు వచ్చి ఆమె వాకిట్లో కూర్చున్నారు. "బోరు నీళ్ళు బంద్ జేస్తమన్నరు. పత్తి ఏరనీకి మనిషిని రానియ్యమన్నరు. మనుమడు చిన్నోడు. ఇగ ఏం జేస్త బిడ్డా, రాజీ పడ్డ," అంది ఆగమ్మ రికార్డులో. ఆ తర్వాత మాట లేదు. చాలాసేపటికి ఒక కోడి అరిచింది.

సారాంశంలో ఎవరి మీదా నింద రాయకూడదని సంస్థ నియమం. శాంతి కావాలి కదా. అందుకని భానుశ్రీ బోరు సంగతి వదిలేసింది, పత్తి సంగతి వదిలేసింది. కొడుకు చనిపోయాడని, పెద్దలు మాట్లాడారని రాసి, చివర మరాఠీలో ముగించింది: ఆగమ్మ రాజీ ఝాలీ.

మాట ఒకటే. తెలుగులో రాజీ పడటమంటే దిక్కులేక తల వంచడం. మరాఠీలో 'రాజీ ఝాలీ' అంటే మనసారా ఒప్పుకుందని. రెండు భాషలూ ఒకే నోట్లో పెరిగిన పిల్లకు మధ్యలో గోడ కనిపించలేదు. పుణెలో పోస్టర్లు చేసేవాళ్ళు దానికి ఇంకో మెట్టు కట్టారు. రాజీ పక్కన ఖుషీ చేర్చి, ఆగమ్మ ఫోటో కింద 'రాజీఖుషీగా క్షమించిన తల్లి' అని మరాఠీలో వేశారు. చంపినవాళ్ళకు ఇంకేం కావాలి? దాన్నే ఫ్లెక్సీ చేయించి ఊరి బస్టాపులో కట్టారు.

ఆగమ్మకు చదువు రాదు. తన బొమ్మ బదులు కొడుకు బొమ్మ వేస్తే బాగుండేదనుకుంది. కోడలు అర్చన మరాఠీ పిల్ల, చదువుకుంది. అత్త ఏడుస్తూ ఒప్పుకుందనుకునే ఇన్నాళ్ళూ ఓర్చుకుంది. ఫ్లెక్సీ చదివిన రోజు, అత్త మనసారానే క్షమించిందని నమ్మింది. కొడుకును చంకనేసుకుని కోర్పనాలో పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఈ కబురు చెప్పింది ఊళ్ళో ఆగమ్మ గొంతు రికార్డు చేసిన ఉదయ్‌కిరణ్. "ఏం రాసినవ్ భానూ? ముసలమ్మ గడపల కూసోని బస్సులు లెక్కవెడుతుంది. ఫ్లెక్సీ ఇప్పుమంటే, కట్టినోళ్ళు అండ్ల తిట్టేమున్నది, పొగిడినమే గదా అంటున్రు."

భానుశ్రీ రికార్డు మళ్ళీ విన్నది. కోడి అరిచేదాకా విన్నది. ప్రతిభకు ఫోను చేసి తప్పు ఒప్పుకుంది.

"మా వెబ్‌సైటులోంచి తీసేశాం," అంది ప్రతిభ మెత్తగా. "ఫ్లెక్సీ మనం కట్టలేదు కదా. బాధపడకు, ఇంటర్న్‌షిప్ నేర్చుకోవడానికే. నువ్వు మాత్రం ఎవరి ఇంటికీ వెళ్ళకు. ఇంట్లోంచి పనిచేసేవాళ్ళు ఊళ్ళోకి దిగకూడదు, నియమం."

తెల్లారి భానుశ్రీ కోర్పనా బస్సెక్కింది. అర్చనను అత్త దగ్గరికి తీసుకురావాలి, అంతే.

అర్చన వాకిట్లో సోయాబీన్ చెరుగుతోంది. తానెవరో, ఏం రాసిందో భానుశ్రీ చెప్పి, ఫోను తీసి ఆగమ్మ గొంతు వినిపించింది. అర్చన చేట ఆపింది. బోరు, పత్తి, మనుమడు, రాజీ. తర్వాత నిశ్శబ్దం. తర్వాత కోడి.

"మా కోడే," అంది అర్చన, అత్తగారింట్లో నేర్చిన తెలుగులో.

"ఆమె నవ్వుకుంట ఒప్పుకోలే అక్కా. నేనే తప్పు రాసిన. నడువు, పోదాం."

"సమజైంది తాయీ. అత్త తప్పు లేదు." అర్చన చేట మళ్ళీ అందుకుంది. "గానీ పోరన్ని ఈడ బడిల ఏసిన. ఆడికొస్తే, నా మొగుణ్ణి సంపినోళ్ళు కట్టిన బొమ్మ కిందనే రోజు బస్సెక్కాలె. నేను రాను. అత్తను రమ్మను."

ఆ మాట భానుశ్రీ ఉదయ్‌కిరణ్‌తో ఆగమ్మకు చెప్పించింది. కొడుకు చితి కాలిన ఊరు వదిలి ఆగమ్మ రానంది.

సర్టిఫికెట్టు ఠంచనుగా వచ్చింది. అచ్యుతరావు దానికి అద్దం కట్టించి గల్లా పైన తగిలించాడు. వినడానికి మనిషి దొరికితే చాలు, యుద్ధం మొదలుపెడతాడు, బిడ్డ చేత ఆపిస్తాడు. మొన్న పక్క వీధి నాగేశ్వరమ్మ బిందె మీద పేరు చెక్కించుకోవడానికి వచ్చి, మెచ్చుకోలుగా అటకకేసి చూసింది. "ఏం బిడ్డా, కూసున్న కాడినుంచే లడాయి ఆపినవట?"

భానుశ్రీ నిచ్చెన దిగి వచ్చింది.

"లడాయి ఆపింది లేదు, ఏం లేదు అత్తా. ఒక్క మాట తప్పు రాసిన. ఒక ముసలామె ఇల్లు ఖాళీ అయింది."