మొదటి గడిలోని అంకె

గుడియాత్తం పాలిటెక్నిక్‌లో మాకు కంప్యూటర్ పాఠాలు చెప్పిన టీచరమ్మ పోయిన వారం కన్నుమూశారు. పాత క్లాస్‌మేట్ ఫోన్ చేసి చెప్పినప్పుడు, వేలూరులో నేను పనిచేసే ఎక్స్‌రే కేంద్రంలో ఒక చేతి ఎముక బొమ్మను సరిచేస్తూ ఉన్నాను. ఆ పని నాకు నేర్పింది ఆవిడే.

ఆవిడ ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పరదరామి ఊరి మనిషి. మాట్లాడేది తెలుగు, రాసేది తమిళం. బోర్డు నిండా గళ్లు గీసి, "బొమ్మంటే ఇంతే నాయనా, గడికో అంకె. సున్నా అంటే నలుపు, రెండు వందల యాభై అయిదంటే తెలుపు" అనేవారు. వరుస తరవాత వరుస వేలితో తడుముతూ పోయేవారు. ఒక్క గడి కూడా వదిలేవారు కాదు.

ఒక మధ్యాహ్నం మా ల్యాబు ఊడ్చే ఆయా ఒక ఫోటో తెచ్చింది. తన పసితనంలోనే పోయిన తల్లిది. ఉన్నది అదొక్కటే. వెలిసిపోయి బూడిదరంగు మరకలా ఉంది. దాన్ని స్కాన్ చేసి, అన్నిటికన్నా చిన్న అంకెనూ పెద్ద అంకెనూ వెతికి, ఆ మధ్యనున్న వాటిని నలుపు నుంచి తెలుపు దాకా సాగదీయమన్నారు టీచరమ్మ. ప్రోగ్రామ్ రాశాను. మరక మరకలాగే ఉంది. చిన్న అంకె సున్నా అని వచ్చింది.

"ఈ పటంలో సున్నా యాడుండాది?"

"వెతికే ముందు, చిన్న అంకె సున్నా అని ప్రోగ్రామ్‌లో నేనే పెట్టినా మేడమ్."

"లేనిదాన్ని నువ్వు పెడితే, దానికంటే చిన్నది ఎట్ల దొరుకుతాది నాయనా? మొదటి గడిలో ఉండేదాన్నే పట్టుకో. పోతా పోతా ఇంకా చిన్నది అగపడితే, అది వదిలి ఇది పట్టుకో."

ప్రోగ్రామ్‌లో ఒక్క వరుస మార్చాను. ఈసారి చిన్న అంకె నూట డెబ్బై అని తేలింది. చూస్తుండగానే మరకలోంచి కళ్లు వచ్చాయి, ముక్కుపుడక వచ్చింది, నవ్వబోతున్న పెదవులు వచ్చాయి.

"నా నుదురే గదమ్మా ఇది!" అంది ఆయా.

టీచరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఇన్నేండ్లుగా చెప్తా ఉండా. ఇది ఇంత పని చేస్తాదని నాకూ తెలీదు నాయనా" అన్నారు మెల్లగా.

కిటికీలోంచి ఎండ కంప్యూటర్ తెర మీద పడుతోంది. ఆవిడ వెళ్లి, ఊడిపోయిన కర్టెన్ అంచును చెయ్యెత్తి అడ్డంపట్టారు. ఆయాకు తనివితీరేదాకా ఆ చెయ్యి దించలేదు.