ఎడమ పిక్క, పదిహేనున్నర

మానుకోటలో రైలు గేటు దాటాక మూడో షట్టరు రుక్కిది. గూడూరు దగ్గరి తండా నుంచి పద్దెనిమిదేళ్ల కింద ఒక్క కుట్టుమిషన్‌తో వచ్చి కూర్చుంది. ఇప్పుడు నాలుగు మిషన్లు. పెళ్లిళ్ల కాలంలో కొట్లో నిలబడేందుకు చోటుండదు. కొలతల దగ్గర ఆమెకో పట్టింపు ఉంది. చుడీదారుకు అందరూ ఒక కాలే కొలుస్తారు, ఆమె రెండూ కొలుస్తుంది.

"ఏందక్కా, రెండు కాళ్లకు రెండు రేట్లా?" అని పడుచులు వెక్కిరిస్తారు.

"ఒక్కటే కొలిస్తే రెండోది నన్ను తిడతది," అంటుంది రుక్కి, టేపు వదలకుండా.

ఒక మధ్యాహ్నం కురవి నుంచి నిర్మల కారులో వచ్చింది. వెంట ఆమె కూతురు మేఘన, బ్యాంకులో పనిచేసే పిల్ల. తొమ్మిది రోజుల్లో నిశ్చితార్థం. చుడీదారుకు పట్టుబట్ట నెల కిందే ఇచ్చారు, కొలతలూ అప్పుడే ఇచ్చారు. ఇప్పుడు మళ్లీ కొలవాలట.

"పన్నెండు రోజులు జరంల పడ్డది. గుంజుకపోయింది పిల్ల," అంది నిర్మల.

రుక్కి పరదా లాగి నడుముకు టేపు చుట్టింది. నలభై ఉన్నచోట ముప్ఫై ఆరు. జ్వరమైతే ముందు చెంపలు పీక్కుపోతాయి. ఈ పిల్ల చెంపలు ఎట్లా ఉన్నవి అట్లాగే ఉన్నాయి. నడుముకు బిగుతు బెల్టు, దాని అంచున పచ్చబడుతున్న కమిలిన మచ్చ. రుక్కి ముప్ఫై ఆరు రాసుకుంది. ఆడవాళ్ల ఒంటి మీద చూసినవి ఆమె పుస్తకంలో అంకెలవుతాయి తప్ప బయటికి రావు.

కింద కూర్చుని కుడి పిక్క కొలిచింది. పద్నాలుగు. ఎడమది పదిహేనున్నర. టేపు వంకర పడిందేమోనని మళ్లీ చుట్టింది. అదే అంకె. వేళ్ల కింద చర్మం వేడిగా, గట్టిగా తగిలింది. కొద్దిగా నొక్కగానే మేఘన "అమ్మా!" అని కాలు లాక్కుంది.

"ఎప్పటి సంది?"

"నిన్నటి సంది అక్కా. తిమ్మిరనుకున్న."

"నెల కింద రెండూ పద్నాలుగే. నా బుక్కుల ఉన్నది. ఏం చేయించుకున్నవ్ బిడ్డా?"

మేఘన గొంతు తగ్గించింది. "పొట్ట కొవ్వు, తొడల కొవ్వు తీయించుకున్న. హైదరాబాద్‌ల. పెళ్లికొడుకోళ్లకు తెల్వది."

"తీసినోళ్లు ఏం చెప్పిన్రు?"

"లేచి తిరగమన్నరు. నీళ్లు మస్తు తాగమన్నరు. కాలు వాస్తే, ఆయాసమొస్తే ఆగకుండ రమ్మన్నరు."

"తిరిగినవా?"

మేఘన పరదా వైపు చూసింది. తల్లి ఆమెను బాలింతను చూసుకున్నట్టు చూసుకుంది. మంచం దిగనివ్వలేదు. చుట్టాలు చూస్తారని గది తలుపు తీయనివ్వలేదు. నీళ్లు తాగితే పుండుకు చీము పడుతుందని రోజుకు రెండు గ్లాసులు దాటనివ్వలేదు. అంతా ప్రేమే.

రుక్కికి వైద్యం తెలియదు. కానీ ఆమె ఆడబిడ్డ కమ్లీ తుంటి విరిగి మంచాన పడ్డప్పుడు ఒక్క కాలే ఇట్లా వాచింది. లోపల రక్తం గడ్డకట్టిందని, అది కదిలి ఊపిరితిత్తులకు పోతే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఆమె మరిచిపోలేదు.

పరదా తీసింది. "నిర్మలమ్మా, నేనిప్పుడు కత్తెర పట్ట. ముందు దవాఖానకు పోవాలె."

"ఆపరేషనైతే వాపుంటదే, వాళ్లే చెప్పిన్రు," అనేసి నిర్మల నాలుక కరుచుకుంది.

"కొవ్వు తీసినకాడ ఉంటది. పిక్కల ఏం తీయలే గద? వాచింది గూడ ఒక్క కాలే. మా కమ్లీకి గిట్లనే వాచి లోపల నెత్తురు గడ్డకట్టింది."

"రేపు హైదరాబాదే పోతం. గిక్కడ దవాఖానల సగం మంది మా చుట్టాలే. ఒక్కరు చూసినా పొద్దుగూకేసరికి మగపెళ్లోళ్లకు చేరతది."

"చేరనీ. రేపటిదాకా గా గడ్డ ఆగుతదని నీకెవరు చెప్పిన్రు?"

"నువ్వు దర్జీదానివా, డాక్టరువా?"

"దర్జీదాన్నే. గందుకే ఇంచున్నర తేడా వస్తే ఊకోను."

నిర్మల కూతురి వైపు చూసింది. మేఘన అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది. రుక్కి షట్టరు సగం దించి తనూ కారెక్కింది. దారిలో నిర్మల కూతురి పిక్క పిసకబోతే చెయ్యి పట్టి ఆపింది. "పిసకకు. గడ్డుంటే కదులుతది."

దవాఖానలో కుర్ర డాక్టరు కాలు చూసి అడిగాడు. "ఈమధ్య ఆపరేషన్ ఏమన్న అయిందా?"

"లేదు, జరమే," అంది నిర్మల.

రుక్కి మేఘన వైపు చూసింది. ఆ మాట చెప్పాల్సింది తను కాదు.

"అయింది సార్," అంది మేఘన. "లైపో. పన్నెండు రోజులైంది."

డాక్టరు రాస్తున్న పెన్ను ఆగింది. వెంటనే స్కానింగుకు పంపించాడు. పిక్కలో మొదలైన గడ్డ మోకాలి పైదాకా పాకింది. ఊపిరితిత్తులకు ఇంకా చేరలేదు. ఇంజెక్షన్ ఇచ్చి, కొన్ని నెలలు మందులు వాడాలని చెప్పాడు. "కొవ్వు తీసినా ఆపరేషన్ ఆపరేషనేనమ్మా. రేపు చూపిద్దామని ఆగితే ఏమయ్యేదో నేను చెప్పలేను," అన్నాడు నిర్మలతో.

నిశ్చితార్థం నెల రోజులు వెనక్కి జరిగింది. కారణం మేఘనే ఫోన్ చేసి పెళ్లికొడుకు వరుణ్‌కు చెప్పింది. చేయించుకున్నందుకు కాదు, దాచినందుకు అతను రెండు రోజులు అలిగాడు. మూడో రోజు పండ్లు పట్టుకుని వచ్చాడు.

తర్వాత మేఘన తల్లితో మళ్లీ కొట్టుకు వచ్చినప్పుడు ఆమె తోటి ఉద్యోగి అఖిల అక్కడే ఉంది. "ఎంత సన్నబడ్డవే! ఏం డైట్? నాకూ చెప్పరాదూ," అని చేయి పట్టుకుంది.

నిర్మల స్టూలు కూతురి వైపు జరిపింది. మేఘన కూర్చుంది.

"డైట్ కాదు, ఆపరేషన్. అడ్రసు కావాల్నంటే ఇస్త. ముందు నా కాలి సంగతి మొత్తం విను."

చప్పుడుకు మాట వినపడదని రుక్కి నడుస్తున్న మిషన్ ఆపింది.