అంజవ్వ ఫ్రిజ్‌కు అమావాస్య స్నానం

బోధన్ శక్కర్‌నగర్‌లో అంజవ్వ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ వెంటనే దారి చెప్పరు. "ఎవలు, ఫ్రిజ్ అవ్వనా?" అని ఎదురడుగుతారు. ఆమె మెరూన్ రంగు ఒంటి తలుపు ఫ్రిజ్‌కు ఇరవై నాలుగేళ్లు. దానితో పాటు ఆ గల్లీలో దిగిన ఫ్రిజ్‌లన్నీ చచ్చి, మళ్లీ పుట్టి, మళ్లీ చచ్చాయి. ఇది మాత్రం ఒక్కనాడూ సుస్తీ అనలేదు. నడి మే నెలలో దాని తలుపు తీస్తే వాకిట్లో పడుకున్న కుక్కలు వణికి గోనె సంచులు వెతుక్కునేవట. అందులో పెట్టిన కొత్తిమీర కట్ట ఇద్దరు మున్సిపల్ చైర్మన్లు దిగిపోయేదాకా పచ్చగానే ఉందట. ఇది అంజవ్వ చెప్పిన మాటే. నమ్మనివాడికి ఆ ఇంట్లో చల్లటి నీళ్లు దొరకవు.

ఆమె బీడీలు చుడుతుంది. పదమూడో ఏట ఒళ్లోకి చేరిన చాట అరవై దాటినా దిగలేదు. వేళ్లు ఆకు చుడుతుంటే నోరు ఫ్రిజ్ పాఠం చెబుతుంది. గోడకు జానెడు దూరం ఉండాలి, దానికీ ఊపిరాడాలి కదా. ఉడుకు పప్పు లోపల పెట్టకూడదు. మూత లేనిదీ, తడి కారేదీ అసలు పెట్టకూడదు. స్టెబిలైజర్ లేని ఇల్లు ఆమె లెక్కలో ఇల్లే కాదు. పసుపు సీజన్లో నిజామాబాద్ మార్కెట్‌కు పోయే బళ్ల దుమ్ము ఫ్రిజ్ వెనక జాలీకి పచ్చగా పట్టేస్తుంది. దాన్ని సున్నం కుంచెతో దులిపే పని ఎవరికీ అప్పజెప్పదు. ఇక నెలనెలా అమావాస్యనాడు ఫ్రిజ్‌కు స్నానం. స్విచ్ తీసేసి, మంచు మొత్తం కరగనిచ్చి, గోరువెచ్చని నీళ్లతో ఒళ్లంతా తుడిచి, చివరికి నుదుట బొట్టు పెడుతుంది. కోడలు త్రివేణి కొత్తగా కాపురానికొచ్చినప్పుడు ఇదేదో వాళ్ల కులదేవత అనుకుని దండం కూడా పెట్టింది.

అలాంటి ఫ్రిజ్ ఈ ఎండాకాలం మొరాయించింది. వరుసగా రెండు రోజులు పాలు విరిగాయి. పైన మంచు గుట్టలా పేరుకుంది, కింద మాత్రం నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. మోటారు ఆగకుండా మూలుగుతోంది. మెకానిక్ ఇస్రార్ వచ్చి, మోటారు మీద చెయ్యిపెట్టి చూసి పెదవి విరిచాడు. ఆ రోజు అతనికి ఇంకా పదకొండు ఇళ్లున్నాయి.

"అవ్వ, కంప్రెసర్ ఖతమైంది. ఇగ ఇది లేవది. పాతది ఇచ్చి కొత్తది తీస్కోరి, దుకాణం నాకెర్కనే."

నిజామాబాద్‌లో టైర్ల షాపులో పనిచేసే కొడుకు భూమేష్ ఆ మాటకోసమే చూస్తున్నట్టు సరేననేశాడు. మర్నాడు సాయంత్రం నాలుగు గంటలకు కొత్త ఫ్రిజ్ దిగాలి, పాతది అదే బండిలో పోవాలి.

మర్నాడు పొద్దున్నే చాయ్ తాగుతూ భూమేష్, "ఇరవై నాలుగేండ్లు చాకిరి జేసింది, అవ్వ. ఇగ దానికి పింఛన్ ఇద్దాం," అన్నాడు.

"నాకు ఆరుపదులు దాటినయి కొడుకా. నన్ను గూడ ఆ బండ్లనే ఎక్కిస్తవా?"

"నిన్ను ఎవడు తీస్కుంటడే, వాపస్ తెచ్చి పడేస్తడు."

అంజవ్వ నవ్వలేదు. గల్లీలో సగం ఇళ్లకు తాను పాఠం చెప్పిన ఫ్రిజ్ అది. పట్టపగలు అందరూ చూస్తుండగా తుక్కు బండి ఎక్కితే తన మాట కూడా దానితోపాటే ఎక్కినట్టు.

"నాలుగు గంటల వరకు దీని కడుపుల ఐస్ గట్టకుంటే నేనే పట్టి బండెక్కిస్త. కడితే మాత్రం బండి ఎట్లొచ్చిందో అట్లనే పోవాలె. సమ్మతమేనా?"

భూమేష్ చేతిలో చెయ్యేసి షాపుకు పోయాడు. మధ్యాహ్నం సెలవు పెట్టి వస్తానన్నాడు. ఓడిపోతున్న అవ్వను చూడ్డానికే అయి ఉంటుంది.

ఎనిమిదింటికి స్విచ్ తీసింది. పాలు, పెరుగు పక్కింటి జకియా ఫ్రిజ్‌కు చేరాయి. మంచు తెల్లగా, బండరాయిలా ఉంది. త్రివేణి చాకు తెచ్చింది.

"అత్తమ్మ, గీకుదామా, జల్ది అయితది."

"ఎనక గల్లీ పోశన్న గట్లనే గీకిండు. బుస్సుమని గ్యాస్ పోయింది, పోశన్నకు మూడు రోజులు మాట పడిపోయింది. చాకు అవతల పడెయ్యి. గిన్నెల ఉడుకు నీళ్లు తే."

నీళ్ల గిన్నె మంచు గూట్లో పెట్టి, తలుపు బార్లా తీసి, ఇద్దరూ కింద కూర్చున్నారు. రెండు గంటల్లో మంచు కరిగి నీళ్లయింది. కానీ ఆ నీళ్లు వెనక పళ్లెంలోకి దిగకుండా కూరగాయల డబ్బా దగ్గరే చెరువు కట్టాయి. నీళ్లు దిగే రంధ్రం పూడింది. అంజవ్వ మెత్తటి చీపురు పుల్లతో నెమ్మదిగా కదిపింది. నల్లటి ముక్కేదో బయటికొచ్చింది. తర్వాత తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడత విప్పి తుడవబోతే గుడ్డకు అలాంటి ముక్కలే మరో నాలుగు అంటుకున్నాయి.

త్రివేణి ఒకటి తీసి వెలుతురులో పట్టుకుంది. కత్తెరతో కత్తిరించిన తునికాకు అంచు.

అంజవ్వ ఆ తునకలన్నీ తీసి కొంగున ముడేసుకుంది. ఈసారి ఎండకు బీడీ ఆకు చుట్టబోతే చిట్లిపోతోంది. మెత్తగా ఉంటుందని వారం నుంచి తడిగుడ్డలో చుట్టిన ఆకు మూటను రాత్రిళ్లు ఎవరూ చూడకుండా ఫ్రిజ్ అడుగున తోసి, తెల్లారకముందే తీసేస్తోంది తనే. మూట ఉబ్బి తలుపును నెట్టింది, ఆకు తునకలు రబ్బరులో ఇరుక్కున్నాయి, రంధ్రంలో పడ్డాయి. సరిగ్గా మూతపడని తలుపు సందులోంచి ఉడుకు గాలి లోపలికి పోతే, అందులోని తేమ మంచుగా పేరుకుంది. మంచు అడ్డమొస్తే చల్లదనం కిందికి ఎట్లా దిగుతుంది? మోటారు పాపం తన పని తాను చేస్తూనే ఉంది.

"పోయిన నెల ఉడుకు పప్పు పెట్టినందుకు నన్ను గల్లీ అంత ఇనేటట్టు తిట్టినవు అత్తమ్మ," అంది త్రివేణి మెల్లగా.

"తిట్టిన."

"మరి గిది?"

"గిది ఆకు, పప్పు కాదు," అంది అంజవ్వ. ఆ జవాబు తనకే నచ్చక గుడ్డను గట్టిగా పిండింది.

రబ్బరును సబ్బు నీళ్లతో కడిగి, ఉడుకు గుడ్డతో కాచి మెత్తబరిచింది. పాత క్యాలెండర్ కాగితం తలుపు సందులో పెట్టి మూసి లాగింది. కింది మూలన కాగితం జారి వచ్చింది. మళ్లీ కాచింది. మూడోసారి లాగితే కాగితం చిరిగిందే గానీ రాలేదు. వెనక జాలీకి పట్టిన పసుపు దులిపితే అంజవ్వ పెళ్లికూతురిలా తేలింది. పన్నెండున్నరకు స్విచ్ వేసి, ఐస్ పళ్లెంలో పలుచగా నీళ్లు పోసి పెట్టింది. ఎవరూ తలుపు ముట్టకుండా దాని ముందే చాట వేసుకుని కూర్చుంది. ఒంటిగంటకు మోటారు మోగుతోంది. రెండింటికీ మోగుతోంది. మూడున్నర దాటాక టక్కున ఆగింది. ఆగడం తెలిసిన మోటారు బతికున్న మోటారే. అంజవ్వ బీడీ మీద దారం మరో చుట్టు ఎక్కువ వేసేసింది.

నాలుగింటికి బండి వచ్చింది. ముందు ఇస్రార్, వెనక భూమేష్, వాళ్ల వెనక జకియాతో సహా సగం గల్లీ. అంజవ్వ పళ్లెం తీసి బోర్లించి తట్టింది. అద్దం పెంకుల్లాంటి ఐస్ ముక్కలు గచ్చు మీద టకటకా రాలాయి.

భూమేష్ బండి డ్రైవర్ వైపు తిరిగి, పొమ్మని చెయ్యి ఊపాడు. "ఏమైందె అవ్వ దానికి?"

త్రివేణి అత్త వైపు చూసింది. అందరి ముందూ అంజవ్వే కొంగులోంచి తునికాకు తునకలు తీసి చూపింది.

"నేనే ఖరాబ్ జేసిన. తడి ఆకు మూట పెట్టిన. మీకు వద్దన్న పనే జేసిన." మెడ నిటారుగా ఎత్తింది. "ఖరాబ్ జేసింది నేనే, బాగు జేసింది నేనే. గీ గల్లీల రెండు పనులు వచ్చినోళ్లు ఇంకెవలన్న ఉన్నరా?"

జకియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇస్రార్ కింద పడిన ఐస్ ముక్క తీసుకుని, అంగీకి తుడిచి, నోట్లో వేసుకుని చప్పరించాడు. గల్లీ జనం కాస్త పలచబడ్డాక ఆమె పక్కకు చేరాడు.

"అవ్వ, మా ఇంట్ల ఫ్రిజ్ గూడ గిట్లనే మంచు గడుతున్నది. ఒకపారి వచ్చి సూస్తవా?"

"రేపు కాదు, వెయ్యి బీడీలు చుట్టాలె. ఎల్లుండి వస్త," అంది అంజవ్వ చాట ఒళ్లోకి లాక్కుంటూ. "నేను సూస్తుంటె నువ్వే చెయ్యాలె బేటా. పనిముట్లు నువ్వే పెట్టుకో."