అమ్మ చెరిగిన మన్ను

బడికి పోకుండా ఇంట్లోనే, అమ్మ ఒడిలో బైబిలు పెట్టుకుని అక్షరాలు నేర్చుకున్నదాన్ని. అలాంటి నాకు డెబ్భైల చివర్లో నంద్యాలలో ఒక మట్టి పరీక్షల ల్యాబులో గాజుసామాను కడిగే పని దొరికింది. ఆ పని ఇచ్చినందుకు ఇప్పటికీ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను.

ఒకరోజు నాయన ఆళ్లగడ్డ నుంచి సంచీలో మట్టి తెచ్చాడు. చేనిలో నీటికుంట తవ్వాలని ఆయన ఆశ. బంకమన్ను తగినంత ఉంటేనే నీళ్లు నిలుస్తాయి. ఎండు మన్ను చేతిలో గరగరలాడుతోందని ఊళ్లోవాళ్లు ఇసుకే అంటున్నారట.

చేతికి తగిలేదాన్ని ల్యాబులో నమ్మరు. సన్నటి బంక రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడితే ఇసుకలాగే తగులుతాయి. అందుకే మట్టిని మందునీళ్లలో రాత్రంతా నానబెడతారు. ఆ మందు రేణువుల పట్టు విడిపించి, మళ్లీ అతుక్కోనివ్వదు. తర్వాత ఉక్కు గిన్నెలో పోసి కరెంటు కవ్వంతో చిలుకుతారు. పొడవాటి గాజు గొట్టంలోకి ఒంచి, బాగా కలిపి, కదపకుండా వదిలేస్తారు. ఇసుక వెంటనే అడుక్కు పోతుంది, ఒండ్రు మెల్లగా దిగుతుంది, బంక మాత్రం గంటల తరబడి నీళ్లలోనే ఉంటుంది.

మరునాడు నాయన తెచ్చిన మట్టి కలిపిన నీళ్లు చూస్తుండగానే తేటపడ్డాయి.

"ఇసుకే పెద్దాయనా, కుంట మాట మరిచిపో" అన్నారు ల్యాబులో పరీక్ష చేసే సారు.

నాయన ముఖం చిన్నబోయింది. "వానొస్తే చెప్పులు ఊడొచ్చే చేను సార్ అది!"

సంచీలో మిగిలిన మట్టి చూశాను. గడ్డా లేదు, వేరూ లేదు. "నాయనా, ఇంత శుభ్రంగా ఉండాదేందీ?"

"మీ అమ్మ దంచి చేటలో చెరిగిచ్చె. సార్లు చూసే మన్ను, చెత్తతో పంపితే మర్యాదేనా అనె."

సారు పగలబడి నవ్వారు. "మాకు కావాల్సిన బంకంతా మీ వాకిట్లోనే ఎగిరిపాయ గదప్పా!"

మళ్లీ మట్టి తెచ్చినప్పుడు అమ్మ కూడా వచ్చింది, మూతి ముడుచుకుని. "వేర్లు, పురుగులు అన్నీ ఉండాయి. నేను ముట్టలేదు, చూసుకోండి."

ఈసారి గొట్టంలో నీళ్లు సాయంత్రం దాకా పాలు పోసిన టీలాగే ఉన్నాయి. నాయన వంగి వంగి చూస్తూ, "ఇంకా తేటపడలే! ఇంకా తేటపడలే!" అంటాడు.

"మురికి నీళ్లకు ఇంత సంబరమా? నా బిందెలో ఇట్లుంటే ఊరుకుంటావా?" అంది అమ్మ.

బంక తగినంత ఉందని సారు చెప్పాక కుంట తవ్వించాడు నాయన. ఆ ఏడాది వానలకు అది నిండింది, నీళ్లు ఇంకిపోలేదు. గట్టున నాయన కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, అమ్మ నా చెవిలో అడిగింది: "ఈ నీళ్లన్నా వడగట్టచ్చా, ఇవి గూడా ముట్టగూడదా?"

నవ్వాపుకుంటూనే ఆమెన్ అన్నాను.