నా భర్త బదులు మంచులోకి వెళ్లిన మనిషి

"చెప్తావా మే?" అని అడిగాడు.

"నా వల్ల కాదు మామా," అన్నాను.

మా ఆయనకూ నాకూ మధ్య ఆఖరి మాటలు ఇవే. తిరువళ్లూరులో ఆస్పత్రి, కిడ్నీ వార్డు, కిటికీ పక్క మంచం. ఉదయం తొమ్మిదిన్నర. నేను టీ తేవడానికి కిందికి వెళ్లాను. పైకి వచ్చేసరికి నర్సమ్మ మంచం చుట్టూ తెర లాగేసి ఉంది. టీ గ్లాసు చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో ఈరోజుకీ గుర్తులేదు.

నాకు చదువు లేదు. సంతకం వచ్చు. పాటల పుస్తకంలో పెద్ద అక్షరాలు కూడబలుక్కుంటాను. ఇది రాస్తున్నది మా చెల్లెలి కూతురు గ్రేసీ. తమిళ బడిలో చదివిన పిల్ల, తెలుగు సండేస్కూల్లో నేర్చుకుంది. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. మణవాళనగర్‌లో మా తెలుగు సంఘం వాళ్లు ఈ క్రిస్మస్‌కు కూడా నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. పన్నెండు క్రిస్మస్‌లు అదే సాక్ష్యం చెప్పాను. ఈసారి మైకు ముందు నిలబడలేను. కాగితం మీద పెట్టిస్తున్నాను. ఎవరైనా చదవండి.

ముందు ఆయన డ్యూటీ సంగతి. ఆయన నాకు చెప్పినట్టే, గంటలతో సహా చెప్తాను.

మా ఆయన సైన్యంలో నాయక్. ఆ మంచు పోస్టుకు చేరింది సెప్టెంబరు ఆఖర్లో. బేస్ క్యాంపు నుంచి నాలుగు రోజుల నడక. అందరినీ ఒకే తాడుకు కట్టి నడిపించారు. ఎత్తు పద్దెనిమిది వేల అడుగులు. చెట్టు అనేది కంటికి కనపడదు. ఫైబరు గుడిసె ఒకటి, అందులో తొమ్మిది మంది. మధ్యలో కిరసనాయిలు పొయ్యి, దాన్ని బుఖారీ అంటారు. దాని మసికి ఉమ్మితే నల్లగా పడేది. పగలు సున్నాకు ఇరవై డిగ్రీల కింద, డిసెంబరులో ముప్పై. కోడిగుడ్డును సుత్తితో కొట్టాలి. బూట్లు విప్పి కాలివేళ్లు తొమ్మిది మందీ ఒకరివి ఒకరు రోజూ చూడాలి, నల్లబడ్డాయేమోనని. అది ఆర్డరు.

ఇక్కడిదాకా ఆయన అందరికీ చెప్పేవాడు. పెన్షన్‌కు వచ్చి ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీలో చేరాక కూడా చెప్పేవాడు. మా పుట్టిల్లు తిరుత్తణి. అక్కడి ఎండకు ఎవరైనా సణిగితే, "నా మంచులో రెండ్రోజులు ఉండి రాపో, అప్పుడు మాట్లాడుదువు," అనేవాడు.

తర్వాతి సంగతి మాత్రం ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. క్రిస్మస్ రోజు మంచు జారింది, ఒకాయన పోయాడు, నేను గుడిసెలో ఉన్నాను. అంతే.

ఆ ఒక్క ముక్క మీద నేను నా సాక్ష్యం కట్టుకున్నాను. ఆ క్రిస్మస్‌కు నేను తిరుత్తణిలో మా అమ్మ ఇంట్లో ఉన్నాను. ఆరాధన అయ్యింది. పదకొండున్నరకు బిర్యానీ దేగిస మూత తీస్తుంటే గుండె మీద బండ పెట్టినట్టయింది. గరిటె కింద పెట్టి, వంటింట్లోనే మోకాళ్లూని ప్రార్థన చేశాను. అదే గంటకు అక్కడ మంచు జారింది. నా భర్త గుడిసెలో భద్రంగా ఉన్నాడు. ఏటేటా మైకు పట్టుకుని ఇదే చెప్పేదాన్ని. "ఒకాయన పోయినాడు, నా భర్తను మాత్రం దేవుడు దాచినాడు, స్తోత్రం!" అనేదాన్ని. సంఘమంతా స్తోత్రం అనేది. 

మా ఆయన లోపలికి వచ్చేవాడు కాదు. చెప్పులు విడిచే చోట ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పాట మొదలైతే తల వంచుకునేవాడు. ఇంటికొచ్చాక నేను ఊరుకుంటానా?

"దేవుడు ప్రాణం మిగిలిస్తే నోరు తెరిచి ఒక పాట పాడలేవా? రాయా నువ్వు?"

"సరి, సరి," అనేవాడు. పోయి నీళ్ల మోటరు వేసేవాడు.

ఆయన పోవడానికి పది రోజుల ముందు, మధ్యాహ్నం. రక్తం శుద్ధి చేసే మిషను తిరుగుతోంది. దాని కింద నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. నేను పక్కన స్టూలు మీద కూర్చుని, ఈ క్రిస్మస్‌కు నీకు బాగయితే సాక్ష్యం నువ్వే చెప్పాలని అన్నాను. ఊరికే అన్నాను, ధైర్యానికి.

"చెప్పేదేముండాది మే. ఆ పొద్దు పోవాల్సింది నేను," అన్నాడు.

పోస్టులో వంటాయన శ్రీకాకుళం వైపు మనిషి. పెళ్లాం, ఇద్దరు ఆడపిల్లలు. గుడిసెలో తెలుగు మాట్లాడేది వాళ్లిద్దరే. మా ఆయన బైబిలు తీస్తే చాలు, ఆ అన్న అందుకునేవాడట.

"పాస్టరుగారూ, మీ దేవుడికి మా గురించి చెప్పినారేటి?"

"చెప్పినా అన్నా. పప్పులో ఉప్పెక్కువ వేస్తాడని కూడా చెప్పినా."

"ఆయన తిన్నాడేటి ఎప్పుడైనా నా పప్పు? తిన్నోడు మాటాడాల."

క్రిస్మస్ పొద్దున ఆ అన్న బిస్కెట్లు పొడిచేసి, తీపిపాల డబ్బా కలిపి, బుఖారీ మీద కేకు పెట్టాడు. గుడిసెలో క్రైస్తవుడు మా ఆయన ఒక్కడే. ఆ ఒక్కడి కోసం పెట్టాడు. ఎనిమిది గంటలకు సుబేదారు ఆర్డరిచ్చాడు: కిరసనాయిలు క్యాన్లు సగం దారి వరకు వచ్చాయి, ఎండ ఎక్కాక ఇద్దరు వెళ్లి తేవాలి. వంతు మా ఆయనది, ఇంకో జవానుది. పదిన్నరకు మా ఆయన బూటు తాడు బిగిస్తుంటే వంటాయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఇయ్యాల నీ పండగ్గదేటి. నువ్వుండు, నానెల్తాను."

"నీ పని వంట గదన్నా."

"వంటైపోనాది. కేకు మాడకుండా సూడు. మాడితే మీ దేవుడు నిన్నే అడుగుతాడు."

సుబేదారు, "ఇద్దరు పోవాలి. ఎవరన్నది మీరే చూసుకోండి," అన్నాడు. మా ఆయన సరే అన్నాడు.

"బుఖారీ దగ్గర కాళ్లు చాపుకోవచ్చని నాకు సంతోషమైంది మే," అని నాకు చెప్పేటప్పుడు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

పది నలభైకి ఆ ఇద్దరూ తాడు కట్టుకుని దిగారు. ఎండ బాగా ఉంది. పదకొండున్నరకు పైవాలు మీద లారీ బోర్లాపడినట్టు శబ్దం. పన్నెండుంబావుకు జవాను ఒక్కడే పాకుతూ వచ్చాడు. భుజం విరిగింది. తాడు తెగింది. వంటాయన మంచు పగులులో పడ్డాడు, పైనుంచి మంచు దాన్ని కప్పేసింది. ఆయన దగ్గర చేతి వైర్‌లెస్ సెట్టు ఉంది. గుడిసె సెట్టు ముందు కూర్చున్నది మా ఆయన. ఒకరి మాట అయ్యాక ఓవర్ అనాలి, అప్పుడే రెండోవాళ్లు మాట్లాడాలి.

"అన్నా, యాడుండావు? ఓవర్."

"పగుల్లో ఉన్నానొరే. నడుం కింద తెలీట్లేదు. ఎలుగు లేదు. కేకు మాడిందేటి? ఓవర్."

మా ఆయన బుఖారీ వైపు చూశాడు. మాడిపోయి పొగ వస్తోంది.

"లేదన్నా, బాగుండాది. ఓవర్."

"పండగపూట అబద్ధమాడకు. మాడు వాసన ఇక్కడికొస్తంది. ఓవర్."

మా ఆయన బూట్లు వేసుకోబోయాడు. సుబేదారు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. వాలు ఇంకా కదులుతోంది, ఎవరూ బయట అడుగు పెట్టకూడదన్నాడు.

"బతికుండాడు సాబ్!"

"తెలుసు. ఇంకో ఇద్దర్ని పోగొట్టుకోను. నువ్వు సెట్టు వదలకు."

పన్నెండు యాభైకి వంటాయన గొంతు సన్నబడింది.

"ఏదో ఒకటి అనరా. ఎలుగెలాగూ లేదు, సప్పుడైనా ఉండాల. పొద్దున్న గొణిగినావే, ఆ పాట. అది పాడు. ఆపకు. ఓవర్."

మా ఆయన పాడాడు. చిన్నప్పుడు సండేస్కూల్లో నేర్చుకున్న క్రిస్మస్ పాట. ఏసు పుట్టాడు, సంతోషించండి అని చెప్పే పాట. ఆ సెట్టు సంగతి మీకు చెప్పాలి. బటను నొక్కి పట్టుకుంటేనే మన గొంతు అవతలికి పోతుంది. నొక్కి ఉన్నంతసేపు అవతలి గొంతు మనకు వినపడదు. ఆపకు అన్నాడు కాబట్టి మా ఆయన వేలు తీయలేదు. చరణాలన్నీ అయ్యాక మళ్లీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు. మూడుసార్లు పాడాడు. ఒంటిగంట ఐదుకు వేలు తీశాడు.

సెట్టులో గరగర ఒక్కటే.

"అన్నా? ఓవర్." జవాబు లేదు. చీకటి పడేదాకా పిలిచాడు.

"ఆ పావుగంటలో నన్ను పిలిచినాడేమో మే. పిల్లలకు ఏమన్నా చెప్పమన్నాడేమో. నేను సంతోషించండి, సంతోషించండి అని పాడతానే ఉండా."

 మిషను తిరుగుతూనే ఉంది. ఆయన రక్తం ఆ సన్న గొట్టాల్లో ఎర్రగా పోతూ వస్తూ ఉంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. పన్నెండేళ్లు! ఇంకొకామె తాళి తెగిన గంటను పట్టుకుని నేను మైకులో స్తోత్రం చెప్పాను. ఆమె పేరు కూడా ఒక్కసారి అడగలేదు. చెప్పుల దగ్గర కూర్చున్న మనిషిని రాయి అన్నాను.

గ్రేసీ తలెత్తి చూస్తోంది. "పెద్దమ్మా, ఇది కూడా రాయాల్నా?"

"రాయి. ఇది రాయకుంటే ఇంకేం రాస్తావు?"

ఇంకా దిమ్మ తిరిగే సంగతి ఒకటుంది. అది చెప్పేశాక ఆయన ముఖం తేటపడింది. ఆకలి అన్నాడు. నెలన్నర తర్వాత నా చేత్తో పెరుగన్నం నాలుగు ముద్దలు తిన్నాడు. తిని, కళ్లు మూసుకుని, ఆ పాటే సన్నగా మొదలుపెట్టాడు. పన్నెండేళ్లలో ఆయన పాట వినడం అదే మొదలు. 

"ఎట్టా పాడతావు మామా అది?"

"అన్న ఆపొద్దన్నాడు గదా. నేనే ఆపేసినా ఇన్నేండ్లు."

ముఖంలో నవ్వు ఉంది. ఆ నవ్వు నాకు అర్థం కాలేదు. దేవుని మీద నాకు అప్పుడు కోపం. ఆ పది రోజులూ నేను మోకాళ్లూనలేదు. ఈయన మాత్రం పాడుతూనే ఉన్నాడు. పక్క మంచం ముసలాయన, "ఏం సార్, ఇంటికి పంపిస్తాండారా, ఇంత కుషీగా ఉండావు?" అని అడిగాడు. "అవును సార్, పంపిస్తాండారు," అన్నాడు మా ఆయన.

ఆఖరి పొద్దున నన్ను అడిగింది అదే. ఈసారి సంఘంలో ఉన్నదున్నట్టు చెప్తావా అని. నేను నా వల్ల కాదన్నాను.

మంచు జారిన ఆ క్రిస్మస్ తర్వాత, మార్చిలో ఆయన అక్కడి డ్యూటీ ముగించుకుని దిగాడు. తిరువళ్లూరు స్టేషన్‌లో రైలు దిగినప్పుడు ఇరవై కిలోలు తగ్గి ఉన్నాడు. చెవుల్లో ఇంకా మసి ఉంది. నేను ప్లాట్‌ఫారం మీదే రెండు చేతులెత్తి స్తోత్రం అని అరిచాను. ఆయన గబుక్కున నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. సిగ్గనుకున్నాను.

వంటాయన్ను బయటికి తీసింది మూడో రోజు. పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా తవ్వారు. తవ్విన నలుగురిలో మా ఆయన ఒకడు. ఆ రోజు చూసింది ఎన్నడూ కళ్ల ముందు నుంచి పోలేదన్నాడు. వంటాయన పగుల్లో ఒక పక్కకు ఆనుకుని కూర్చున్నాడట. కళ్లు మూసి ఉన్నాయి. సెట్టును చెవికి ఆనించుకుని, దాని మీద రెండు చేతులూ కప్పి పెట్టుకున్నాడు. చేతులకు పెద్ద గ్లవుజులు ఉన్నాయి. బిగుసుకున్న ఆ చేతుల్ని విడదీయడం కష్టమైందట. ఆ గ్లవుజుతో బటను నొక్కడం కుదరదు, మాట్లాడాలంటే తీయాలి, మళ్లీ తొడుక్కోవాలి.

ఆగు గ్రేసీ.

కొంచెం ఆగు.

తీయాలి గదా. పాట పాడమనేటప్పుడు గ్లవుజు తీసినవాడు మళ్లీ తొడుక్కున్నాడు గదా. సెట్టు నోటి దగ్గర లేదు. చెవి దగ్గర ఉంది. రెండు చేతులూ కప్పి, చప్పుడు బయటికి పోకుండా.

వింటున్నాడే! పిలవలేదు మామా, వింటా ఉండాడు!

ఇది ఆయన కళ్లతో చూశాడు. నాకు నోటితో చెప్పాడు. ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఇప్పుడు, ఈ గడపలో కూర్చుని చెప్తుంటే తట్టింది. ఆయన పోయి నలభై రోజులైంది. ఇప్పుడు ఎవరికి చెప్పేది?

నేను వకీలును కాదు. అక్కడేం జరిగిందో ఆ పగులుకే తెలుసు. కానీ చివరి పావుగంట ఆ మనిషి చెవిలో ఉన్నది నా భర్త గొంతు. ఏసు పుట్టాడు, సంతోషించండి అన్న కబురు. అది విని ఆయన ఏమనుకున్నాడో నాకు తెలీదు. చనిపోయినవాళ్లు లేస్తారని మనం నమ్ముతాం గదా. ఆ రోజు మా ఆయన ముందు ఆ అన్ననే వెతుక్కుంటాడు. జరిగింది ఆ అన్న నోటితోనే వింటాడు. నా అవసరం కూడా ఉండదు. ఈ మాట చెప్తుంటే నాకు ఏడుపొస్తోంది, నవ్వూ వస్తోంది. గ్రేసీ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తోంది. చూడనీ.

సంఘం పెద్దలకు నా మాట ఒకటి. ఇదే నా సాక్ష్యం. పాతది మరిచిపోండి. దీన్ని ఇంకో కాగితం మీద కూడా రాయించి శ్రీకాకుళం పంపుతాను. ఆ అక్క పిల్లలు చదివి వినిపిస్తారు. మీ ఆయన చివర్లో ఒంటరిగా లేడని ఆమెకు తెలియాలి. ఆయన ఎవరి బదులు వెళ్లాడో కూడా తెలియాలి. తిడితే తిట్టనీ, పడతాను.

ఇక చాలు గ్రేసీ. పెన్ను పక్కన పెట్టు. ఏదీ, మొదట్నుంచి చదువు. నిదానంగా చదువమ్మా, ఇంతసేపూ నేనే చెప్తా ఉండా, నేను విని చాలాసేపైనట్టుండాది.