చేతులు బిగించుకుని పరుగు

నలభై దాటాక, షుగర్ వచ్చేలా ఉందని డాక్టరు హెచ్చరిస్తే పరుగు మొదలుపెట్టాను. అమలాపురం శివార్లలో కాలవగట్టు రోడ్డు మీద, తెల్లవారగానే. వెళ్లేటప్పుడు పరుగు, వచ్చేటప్పుడు నడక. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నా దగ్గర చదివే పిల్లల తండ్రులే ఆ దారిన ఎదురయ్యేవారు. వాళ్లని చూడగానే తల దించేసి, చున్నీ మీద రెండు చేతులూ అదిమిపట్టి, కాలవ వైపు వాలుగా ఉండే ఎడమ అంచుకి తప్పుకునేదాన్ని. పోనుపోను ఆ వాలు మీదే పరుగెత్తడం అలవాటైపోయింది.

వానలు తగ్గేసరికి ఎడమ మోకాలి బయటివైపు నొప్పి పట్టుకుంది. మెట్లు దిగుతుంటే సూది గుచ్చినట్టుండేది. స్టాఫ్‌రూంలో అడిగితే బాత్రూంలో జారానన్నాను. పరుగెత్తానని చెప్పడానికి నోరు రాలేదు.

ఫిజియోథెరపిస్టు నాకంటే చిన్నావిడ. క్లినిక్ ముందు రోడ్డు మీద నన్ను పరుగెత్తమని ఫోన్లో వీడియో తీశారు. ఎదురుగా మెడికల్ షాపులో జనం చూస్తున్నారు. చెవులు వేడెక్కిపోయాయి. లోపలికొచ్చాక ఆ వీడియో నెమ్మదిగా నడిపి చూపించారు. ఎవరికో భయపడి పారిపోతున్నట్టుంది అందులో ఉన్న మనిషి.

"చూసేరా అండీ, చేతులు ఊగకపోయేసరికి నడుం అటూ ఇటూ తూలుతోంది. కాళ్లు ఒకదానికొకటి అడ్డంగా పడుతున్నాయి. పైగా వాలు మీద పరుగంటున్నారు. తుంటి నుంచి మోకాలి పక్కగా దిగే పట్టీ అక్కడ ఎముకకి ఒత్తుకుపోతోందండి. అయినా, చేతులెందుకండీ అలా బిగించేసేరు?"

"చలేస్తుందండీ," అన్నాను. ఉక్కపోతకి ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి.

"ఆయ్," అని ఆవిడ నా చున్నీ వైపోసారి చూసి, ఫోను పక్కన పెట్టేశారు. అర్థమైపోయిందని తెలిసి ఇంకా కుంచించుకుపోయాను.

కొన్నాళ్లు పరుగు ఆపించి, తుంటికి బలమొచ్చే వ్యాయామాలు చేయించారు. తర్వాత చదునైన రోడ్డు మీద, చేతులు వదిలేసి, చిన్న చిన్న అడుగులతో పరుగెత్తమన్నారు.

అలా మొదలుపెట్టిన రోజే, మా స్కూల్లో ఏడో తరగతి చదివే ఓ పిల్ల తండ్రి కంగారుగా బండి ఆపేశారు.

"మేడంగారూ, ఏమైందండీ? కుక్కలేమైనా తరిమేయా?"

"లేదండీ. ఊరికే పరుగెత్తుతున్నాను."

"ఆయ్, మంచిదండీ," అని నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

మోకాలు నొప్పి పెట్టలేదు. ముఖం మాత్రం ఇల్లు చేరేదాకా మండుతూనే ఉంది. ఆయన స్కూలు గేటు దగ్గర ఎవరెవరికి చెబుతారోనని రోజంతా లెక్కలు తప్పు చెప్పాను. మర్నాడు మళ్లీ బూట్లు వేసుకోవడానికి చాలాసేపే పట్టింది.