ఎర్ర కుక్క లాగ్‌బుక్కు

మా నాన్న తెలుగు సరిహద్దు అవతల, హిందీ నడిచే కిరందుల్‌లో ఇనుప గని డంపర్లు బాగుచేసే ఫోర్‌మన్. పాడైన బండి వస్తే ముందు లాగ్‌బుక్కులో రాస్తారు, ఆ తరవాతే పానా పట్టుకుంటారు. అందుకని, మా కుక్కకి మూత్రపిండాలు పోయాయని పశువుల డాక్టరు చెప్పిన సాయంత్రం, ఆయన అటక మీంచి ఒక పాత ఖాళీ లాగ్‌బుక్కు దింపి దుమ్ము దులిపారు.

డాక్టరు గారు చెప్పింది చిన్న మాటే. "పదమూడేళ్ల కుక్క. ఇక బాగవదు. తిన్నన్నాళ్లు పెట్టండి. తినడం మానేసిన రోజు నాకు ఫోన్ చెయ్యండి. బాధ లేకుండా పోయేట్టు సూది వేస్తాను." అంతా హిందీలో, మెల్లగా చెప్పారు.

నాన్న "కిడ్నీకి స్పేరు దొరకదా సార్?" అన్నారు.

డాక్టరు నవ్వారు. నాన్న నవ్వకపోయేసరికి ఆపేశారు.

లాగ్‌బుక్కు మొదటి పేజీలో అచ్చేసిన గళ్లున్నాయి. నాన్న ఒక్కటీ వదల్లేదు. యంత్రం నంబరు దగ్గర అడ్డగీత పెట్టారు. సామర్థ్యం: పదహారు కిలోలు. గతంలో పెద్ద రిపేర్లు: వెనక ఎడమ కాలు, ఒకసారి. రంగు: లాల్. అంతా హిందీలోనే. ఇంటి విషయాలు ఆయనకి తెలుగు, పని విషయాలు హిందీ. రిజిస్టరులో ఎక్కింది కాబట్టి కుక్క ఆ పూట నుంచి పని విషయం అయిపోయింది.

రంగు గురించి ఎవరికీ అనుమానం లేదు. మా కాలనీలో చెట్ల ఆకులూ, గోడలూ, ఆరేసిన బట్టలూ అన్నిటిదీ అదే ఎరుపు. వానలో తడిస్తే కుక్క ఇంకా ఎర్రబడేది, ఇక్కడ వాన నీళ్లు కూడా ఎర్రగానే పారతాయి. స్నానం అనే మాట వినిపిస్తే చాలు, బస్టాండు దాకా పరిగెత్తేది.

తరవాత షిఫ్టులు వేశారు. పొద్దున ఎనిమిదింటి నుంచి పన్నెండు దాకా అమ్మ. పన్నెండు నుంచి రెండింటి దాకా పక్క క్వార్టరు అత్త. ఈ అత్త మాకు చుట్టం కాదు. కోంటా దగ్గర పల్లె ఆమెది, ఈ పదేళ్లలో మా గోడ మీంచి ఆమె చూడనిది ఏమీ లేదు. రెండు నుంచి నాలుగున్నర దాకా నేను. డిగ్రీ అయిపోయి పోటీ పరీక్షలకి చదువుతున్నానన్న పేరుతో నవలలు చదువుతూ ఇంట్లో ఉన్నాను కాబట్టి నాకు అంతకన్నా గొప్ప పని లేదని అందరికీ తెలుసు. నాలుగున్నరకి డ్యూటీ బస్సు దిగాక నాన్న.

"సార్జి ఇచ్చేటప్పుడు రాయాలి. రాయకపోతే ఎనకాలోళ్లు సార్జి తీసుకోరు, అంతే," అని చార్జి అప్పగించడం మీద మాకు శిక్షణ ఇచ్చారు. "ఏటి తిన్నాడు, ఎంత తిన్నాడు, ఏటి సేసినాడు, సంతకం."

"ఆడేటి డంపరా?" అంది అమ్మ.

"డంపరైతే ఈపాటికి బాగైపోయుండును."

మొదటి వారం నిజాలే రాశాం. ఉసిరికాయంత ఇడ్లీ ముక్క తింది, రాశాం. కొంచెం రాగి అంబలి నాకింది, రాశాం. రెండో వారంలో ఒక మధ్యాహ్నం నా షిఫ్టులో అది ఏమీ ముట్టలేదు. పళ్లెం దగ్గరికి తీసుకెళితే, మర్యాదకి ఒకసారి వాసన చూసి, మొహం గోడ వైపు తిప్పుకుంది. నాన్న బస్సు దిగి, బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి రిజిస్టరు తెరుస్తారు. నా గడి ఖాళీగా ఉంది. అందులో ఏం రాయాలో నాకు తెలుసు. ఏమీ తినలేదని, హిందీలో మూడు మాటలు. ఆ మూడు మాటలు రాస్తే ఫోన్ చెయ్యాలి, ఫోన్ చేస్తే సూది వస్తుంది.

"అంబలి, రెండు చెంచాలు" అని రాసి సంతకం పెట్టాను.

నాన్న చదివి, "సబాష్" అన్నారు. నాతో కాదు, కుక్కతో.

నాకు ఇంకో పుస్తకం ఉంది. చిన్నప్పటి నుంచి డైరీ రాస్తాను, తెలుగులో. మా స్కూల్లో అందరిదీ హిందీ మీడియం, తెలుగులో రాస్తే ఎవరి చేతికి చిక్కినా భయం లేదు. ఆ రోజు అందులో "ఏమీ తినలేదు. నేను అబద్ధం రాశాను" అని రాశాను. అప్పటి నుంచి మా కుక్క రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా బతకడం మొదలుపెట్టింది.

అబద్ధం నా ఒక్కదానిదే అనుకున్నాను. కానీ పొద్దుటి షిఫ్టులో అమ్మ రాసే అంకె పెరుగుతూ పోయింది. అమ్మకి హిందీ రాయడం రాదు, ఇడ్లీల గడిలో అంకె మాత్రం వేస్తుంది. ఒకటి, తరవాత రెండు, ఒక మంగళవారం మూడు. ఆ మూడూ పెరటి గోడ మీద కాకులు తినడం నేను కిటికీలోంచి చూశాను. అత్త అయితే తన షిఫ్టు మొత్తానికీ ఒకే మాట రాసేది: "బఢియా."

"ఏం చేసిండో కూడా రాయాలంట అత్తా," అన్నాను ఆమె యాసలోనే, నెమ్మదిగా.

"ఏం చేస్తడు బిడ్డా, పండుకుంటడు. పండుకునుడు మంచిదే గదా. అందుకే బఢియా."

రిజిస్టరు ప్రకారం కుక్క కోలుకుంటోంది. దాంతో నాన్నకి హుషారు వచ్చింది. "ఇంత తింటన్నోడికి సాయంత్రం ఇంకో రెండు సిరంజీలు లెక్కేటి?" అని, సూది లేని సిరంజితో అంబలి నింపి, దవడ పక్కనుంచి పోయడం మొదలుపెట్టారు. కుక్క ఎదురు తిరగలేదు. కళ్లు మూసుకుని, గొంతులోంచి సన్నగా, తలుపు బందు కిర్రుమన్నట్టు మూలిగేది. సగం అంబలి మెడ మీదకి కారేది. ఆ సాయంత్రాలు నేను వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తూ తోమేదాన్ని. అమ్మ ఒకసారి, "తోమినవే తోముతున్నావే గుంటా," అంది. తను కూడా ఒలిచిన వెల్లుల్లినే మళ్లీ ఒలుస్తోంది.

ఐదో వారంలో నాన్న ట్రయల్ తీస్తానన్నారు. వర్క్‌షాపులో రిపేరైన బండిని గేటు దాకా నడిపి చూస్తారట. కుక్క మెడకి తాడు కట్టి వీధిలోకి దింపారు. అది లేచి నిలబడింది, రెండడుగులు వేసింది, కూర్చుంది. నాన్న అటూ ఇటూ చూశారు. వంగి, దాన్ని బియ్యం బస్తాలా భుజాన వేసుకుని కాలనీ గేటు దాకా నడిచి, గేటుకి ఒకసారి దాని ముక్కు ఆనించి, వెనక్కి మోసుకొచ్చారు. దారిలో ఎదురైన వాళ్లందరికీ నమస్కారం పెట్టారు, ఖాళీగా ఉన్న చేత్తో.

లోపలికొచ్చి రాశారు: "ట్రయల్ అయింది. గేటు వరకు. ఓకే."

ఆ వాక్యం చదివినప్పుడు నాకు భయం వేసింది. మేం ముగ్గురం నాన్న కోసం అబద్ధం రాస్తున్నాం. నాన్న ఎవరి కోసం రాస్తున్నారు?

ఆ మర్నాడు శనివారం నాన్న సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నారు. కాలనీలో ఆవులకి టీకాలు వేయడానికి వచ్చిన డాక్టరు గారు మధ్యాహ్నం మా గుమ్మం ముందు బండి ఆపారు. "ఐదు వారాలైంది. ఫోన్ రాలేదు, పోయిందేమో అనుకున్నాను," అన్నారు.

"పోడమేటి సార్," అని నోరు జారి, నాన్న హిందీలోకి మారి "చూడండి" అంటూ రెండు చేతులతో లాగ్‌బుక్కు అందించారు.

డాక్టరు వరండా మెట్టు మీద కూర్చుని చదివారు. పేజీ తిప్పినప్పుడల్లా కుక్క వైపు చూశారు. అది గోనెపట్టా మీద పక్కకి పడి ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. ఈగ వచ్చి ముక్కు మీద వాలినా కదలలేదు.

"మంగళవారం మూడు ఇడ్లీలు, ఎనిమిది చెంచాల అంబలి. బఢియా. నిన్న గేటు దాకా నడక." ఆయన పుస్తకం మూశారు. "ఈ పుస్తకంలో కుక్కకి ఏ జబ్బూ లేదు. కొంచెం తిండి తగ్గించమని చెప్పాలి. ఇక్కడ పడుకున్న కుక్క గురించి రాసిన పుస్తకం ఏదైనా ఉంటే చూపించండి."

అత్త గోడ అవతల నుంచి తల కిందికి దించుకుంది. అమ్మ కొంగు సర్దుకుంది. నేను పరాయి వాళ్ల ముందు నోరు తెరవను. నన్ను చూడటానికి వచ్చిన పెళ్లివారు నేను మూగదాన్నేమో అని అమ్మని పక్కకి పిలిచి అడిగి వెళ్లారు. కానీ ఆ మధ్యాహ్నం నా కాళ్లు లోపలికి వెళ్లి డైరీ తెచ్చేశాయి.

"చదవండి బేటీ," అన్నారు డాక్టరు. ఆయనకి తెలుగు రాదు. తెలుగులో రాసింది చూసుకుంటూ, హిందీలో పైకి చెప్పాల్సి వచ్చింది.

"సోమవారం. ఏమీ తినలేదు. నీళ్లు నాలుక మీద వేస్తే పక్కకి కారిపోయాయి. అత్త..." అక్కడ ఆగాను.

"తరవాత?"

"అది కుక్క గురించి కాదు సార్."

"ఏంది, నా గురించా?" అంది గోడ.

"మంగళవారం. ఏమీ తినలేదు. ఇడ్లీలు కాకులు తిన్నాయి. బుధవారం... ఇది కూడా కుక్క గురించి కాదు. గురువారం. తడిగుడ్డతో తుడిస్తే చెవి వెనక తెల్లగా ఉంది. సిరంజి పెట్టినప్పుడు మూలుగుతోంది. శుక్రవారం. నాన్న గేటు దాకా మోసుకెళ్లారు."

నాన్న అప్పటిదాకా నేల చూస్తున్నారు. హిందీలో వినేసరికి ఆ మాటలన్నీ ఆయనకి పని మాటలైపోయాయి. "తెలుపేటి? ఆడు ఎర్రోడు కదా," అని మాత్రం అన్నారు, తెలుగులో.

డాక్టరు కుక్క పొట్ట మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంచారు. "సూది వెయ్యచ్చు. లేదా నొప్పి తగ్గే మందు ఇచ్చి వదిలేయచ్చు. ఒకటి రెండు రోజులు. కానీ పోయడం ఆపాలి. దాని బాధలో ఎక్కువ భాగం అదే."

నాన్న గోడ గడియారం చూశారు. రెండుంబావు. "సార్జిలో ఎవులున్నారు?"

"నేనే."

"అయితే నువ్వే సెప్పాలి. సార్జిలో ఉన్నోల్ల మాటే." ఆయన తప్పించుకోవడం లేదు. ముప్పై ఏళ్లుగా ఆయన నమ్మింది అదే.

అందరూ నా వైపు చూస్తున్నారు. "పొయ్యొద్దు నాన్నా," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "మందు ఇచ్చి వదిలేద్దాం. ఇంకేమీ పొయ్యొద్దు."

నాన్న సిరంజి జేబులోంచి తీసి, విడిభాగాలు అప్పగించినట్టు, నా చేతిలో పెట్టారు.

ఆ రాత్రికి షిఫ్టులు రద్దయ్యాయి. అయినా ఆదివారం పొద్దున మేం ముగ్గురం వరండాలోనే ఉన్నాం. అత్త కూడా గోడ దాటి వచ్చి కూర్చుంది. కుక్క తల నాన్న పాదం మీద ఉంది. పది గంటలప్పుడు ఒక ఊపిరి తీసింది, మేం తరవాతి దాని కోసం ఎదురుచూశాం.

పాతిపెట్టే ముందు అమ్మ, "ఈ దుమ్ముతోటి పంపేస్తామేటి, నీల్లు పొయ్యండి," అంది. పదమూడేళ్లలో మొదటిసారి అది స్నానం నుంచి పారిపోలేదు. ఆరు బకెట్లకి నీళ్లు ఎర్రగానే పోయాయి. ఏడో బకెట్టుకి తేటపడ్డాయి. గోనె కోసం ఇంటికెళ్లి తిరిగొచ్చిన అత్త గుమ్మంలో ఆగిపోయింది.

"ఏందన్నా, ఇదెవరి కుక్క? మన ఎర్రోడేడి?"

గచ్చు మీద ముత్యంలాంటి తెల్ల కుక్క పడుకుని ఉంది. నాన్న దాని వెనక ఎడమ కాలు తడిమారు. పాత దెబ్బ ఉన్నచోటే ఉంది.

ఆయన లోపలికెళ్లి లాగ్‌బుక్కు తెచ్చారు. మొదటి పేజీ తెరిచి, "లాల్" అన్న మాటని కనబడేట్టుగానే ఒకే గీతతో కొట్టేసి, పక్కన "సఫేద్" అని రాసి, చిన్న సంతకం పెట్టారు. తరవాత పెన్ను నా వైపు చాచారు.

"దిద్దితే రెండో సంతకం ఉండాలి. సూసి పెట్టు."

చూసి పెట్టాను.